మొదట వెనక పలక చూడు

బిడ్డా,

మొన్న రాత్రి తొమ్మిదింటికి మీ నాయిన ఫోన్ చేశాడు. "అన్నా, పిల్ల పడవ కొన్నది" అన్నాడు. ఆ తర్వాత ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకొని గోడ వైపు చూస్తున్న నన్ను చూసి, ఎవరికి ఏమైందోనని మీ పెద్దమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

నువ్వు పంపిన ఫొటోలు మనవడు పెద్దవి చేసి చూపించాడు. పదిహేను అడుగుల ఫైబర్ స్పీడ్‌బోటు. తక్కువలో తక్కువ ముప్పై అయిదేళ్ల కిందటిది. నాగార్జునసాగర్‌లో ఎవరి చింతచెట్టు కిందో మూత లేకుండా పడి ఉండి, లోపల ఆకులు, నల్లనీళ్లు. కింద నువ్వు రాసిన మాట: "పెదనాయినా, రంగు వేస్తే మెరిసిపోతుంది కదా!" అది చదివిన దగ్గర్నుంచి నాకు నిద్ర లేదు. ఫోన్‌లో చెబితే "సరే సరే" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

సంతోషం లేదనుకోకు. మన ఇంట్లో ఇంతవరకు పడవ కొన్నవాళ్లు లేరు, ఊళ్లోవాళ్ల పడవలు బాగుచేసినవాళ్లమే. మీ తాత ఆ డ్యామ్‌కు రాళ్లు మోసిన మనిషి. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలిన రోజు నన్ను భుజాల మీద ఎక్కించుకొని తీసుకుపోయాడు. నాకు అయిదేళ్లు. నీళ్లు చూసిన గుర్తు లేదు, ఆయన తలకు చుట్టిన తువ్వాల చెమట వాసన గుర్తుంది. ఆయన మనవరాలు బ్యాంకు జీతంలోంచి దాచుకొని ఆ నీళ్ల మీదికి సొంత పడవ దించుతుందట. ఈ మాట నేను పక్కింటివాళ్లకు కూడా చెప్పాను.

సులువైనవి ముందు చెప్పేస్తాను. ఇంజిన్‌ను మెకానిక్‌కు ఇవ్వు, నువ్వు విప్పకు. పడవను రెండు చెక్కల మీద నిలబెట్టకు, అడుగు వంగిపోతుంది. నాలుగైదు చోట్ల పాత టైర్లు పెట్టి బరువు పంచు. పైన టార్పాలిన్ కప్పు, గాలి మాత్రం ఆడనివ్వు. నీళ్లలో తిప్పడానికి ఏ అనుమతి కావాలో ఇప్పుడే కనుక్కో, రంగు ఆరాక కాదు.

ఇక తిట్టాల్సింది. రెండో ఫొటోలో నువ్వు చున్నీ వేసుకొని గ్రైండర్ పట్టుకొని నవ్వుతున్నావు. ఆ చున్నీ ఒక్కసారి డిస్కుకు చుట్టుకుంటే మెడ దాకా లాగుతుంది. ఇంకోసారి అట్లా చూశానంటే వచ్చి గ్రైండర్ తీసుకుపోతాను. పాత నిండుచేతుల చొక్కా వేసుకో, మాస్కు పెట్టుకో, కళ్లద్దాలు పెట్టుకో. ఫైబర్ దుమ్ము గాజే కదా. పని అయ్యాక చన్నీళ్లతో కడుక్కో, వేడినీళ్లు పోసుకుంటే దురద ఇంకా ఎక్కువవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. పడవకు వెనక ఇంజిన్ బిగించే నిలువు పలక ఉంటుంది చూడు, మేం ట్రాన్సమ్ అనేవాళ్లం. పైకి ఫైబర్‌లా కనిపిస్తుంది కానీ నీ పడవ కాలం వాటిలో మధ్యన ప్లైవుడ్ ఉంటుంది. నలభై హార్స్‌పవర్ ఇంజిన్ అంటే దాదాపు 70 కిలోల బరువు, కొన్ని ఇంకా ఎక్కువే. ఆ బరువు, ఆ తోపు అంతా ఆ చెక్కే మోస్తుంది. బోల్టుల సందుల్లోంచి నీళ్లు దిగితే చెక్క లోపలే కుళ్లుతుంది. బయట నిగనిగలాడుతుంది, లోపల అటుకుల ముద్ద.

1988లో సంక్రాంతి ముందు నాకు సరిగ్గా ఇట్లాంటి పడవే వచ్చింది. యజమాని ఎవరో చెప్పను, ఇప్పుడు లేడు. పండుగ రోజు చుట్టాలను తిప్పాలి, పది రోజుల్లో ఇవ్వమన్నాడు. నాకు ఇరవై ఆరేళ్లు. నా చేతి పని గురించి అందరూ గొప్పగా చెప్పుకునే రోజులు, నేనూ నమ్మే రోజులు. స్క్రూడ్రైవర్ పిడితో వెనక పలక మీద కొట్టుకుంటూ పోయాను. పైన టకటకా పలికింది. కింద, బోల్టుల దగ్గర, దబ్ దబ్ మంది. మీ నాయనమ్మ సంతలో కుండను వేలితో కొట్టి చూసి, పగిలినదాన్ని పక్కన పెట్టే చప్పుడు అది. తెలియక చేశానని నీకు చెప్పలేను బిడ్డా. నాకు తెలిసింది.

పలక కోసి, చెక్క తీసి, కొత్తది వేసి ఆరబెట్టాలంటే నెల పడుతుంది. పండుగ పది రోజుల్లో ఉంది. బోల్టుల చుట్టూ ఉన్న పగుళ్లలో పుట్టీ నింపాను. అరగదీశాను. ప్రైమర్ వేసి, ఎర్ర రంగు రెండు కోట్లు కొట్టాను. కుంకుమ భరిణెలా ఉంది పడవ. యజమాని ఒప్పుకున్న డబ్బు మీద ఇంకో యాభై ఎక్కువే ఇచ్చాడు.

మొదటి తిప్పుకు మీ నాయినను ఎక్కించుకున్నాను. వాడికి పదిహేడేళ్లు, ఈత రాదు. లైఫ్ జాకెట్లు సీటు కిందే ఉన్నాయి, రంగు అంటుకుంటుందని కవర్లు కూడా తీయలేదు. ఒడ్డు నుంచి చాలా దూరం వచ్చాక వాడు "ఇంకా వేగం అన్నా" అన్నాడు. లాగాను. వెనక నుంచి ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. తిరిగి చూస్తే ఇంజిన్ వెనక్కి వాలి ఉంది, పలక మధ్యలో చీలిపోయి పైకి తేలింది. చీలికలో నల్లటి చెక్క, వేలితో తీస్తే వచ్చేంత మెత్తగా. ముక్కు ఆకాశం వైపు లేచింది, నీళ్లు వెనక నుంచి లోపలికి వచ్చాయి. వాడి చొక్కా కాలర్ నా చేతిలో ఉంది, అదొక్కటే గుర్తు. ఎంతసేపో తెలియదు. వలలు తీస్తున్న ముసలి దంపతులు పుట్టి, అదే బుట్ట పడవ, వేసుకొని వచ్చి, ముందు వాడిని, తర్వాత నన్ను లాగారు. ఆ తల్లి తన కొంగుతో వాడి తల తుడుస్తూ నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ వినబడతాయి.

చాలా ఏళ్ల తర్వాత ఒక పెళ్లిలో మీ నాయినే నవ్వుతూ అన్నాడు: "మా అన్న పుట్టీ ముంచింది, ఎవరిదో పుట్టి తేల్చింది." అందరూ నవ్వారు. నేను లేచి చేతులు కడుక్కోవడానికి పోయాను. వాడు నీకు ఈ కథ చెప్పి ఉండడు. ఫోన్‌లో మేమిద్దరం ఎందుకు మాట్లాడలేదో ఇప్పుడు నీకు తెలిసింది.

కాబట్టి రంగు డబ్బా కొనే ముందు ఇది చెయ్యి. పిడితో కొట్టి విను. తర్వాత లోపలి వైపు నుంచి, బోల్టుల కింద, నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ రంధ్రం పక్కన, మూడు నాలుగు చోట్ల సన్నటి బిట్‌తో బెజ్జాలు పెట్టు. బయటి ఫైబర్ దాకా పోనివ్వకు. బిట్‌తో వచ్చే పొట్టు లేత రంగులో, పొడిగా ఉంటే దేవుడు నీ పక్షం. నల్లగా, తడిగా ఉండి బిట్‌కు అతుక్కుంటే ఆశ వదులుకో. లోపలి ఫైబర్ పొర కోసి, చెక్క మొత్తం తవ్వెయ్యాలి. పడవ నేల కింద పొడవునా పోయే దూలాల్లోనూ చెక్కే ఉంటుంది, అక్కడా చూడు.

కొత్త చెక్క కొనేటప్పుడు దుకాణంవాడు "వాటర్‌ప్రూఫ్ అమ్మా" అంటాడు. సంబరపడకు. షీటు మీద ఐఎస్ 710 అని ముద్ర ఉందో లేదో నువ్వే చూడు, అది మెరైన్ ప్లై. అంచులకు కూడా రెసిన్, అంటే ఫైబర్‌ను అతికించే ద్రవం, తాగించు. పలక మీద వేసే ఫైబర్ మ్యాట్‌ను పలక దగ్గరే ఆపకు, పక్క గోడల మీదికి జానెడు ఎక్కించు. బోల్టు బెజ్జాలు కావలసినదానికంటే పెద్దవి వేసి, ఎపాక్సీ జిగురుతో నింపి, గట్టిపడ్డాక మళ్లీ వెయ్యి. అప్పుడు నీళ్లు దిగినా చెక్కను తాకవు.

రెసిన్ గురించి రెండే మాటలు, కానీ రెండూ ప్రాణం మీదివి. దుకాణంలో పాలియెస్టర్ రెసిన్‌తో పాటు దాన్ని గట్టిపరిచే నీళ్లలాంటి హార్డెనర్, ఆ పనిని తొందరచేసే ఊదారంగు కోబాల్ట్ ఇస్తారు. ఆ రెండింటినీ నేరుగా కలిపావో, మంట లేస్తుంది, పేలుతుంది కూడా. కోబాల్ట్ ముందు రెసిన్‌లో బాగా కలవాలి, తర్వాతే హార్డెనర్. కొన్ని రెసిన్లలో కోబాల్ట్ ముందే కలిపి ఉంటుంది, అడిగి కొనుక్కో. ఇక హార్డెనర్ చుక్క కంట్లో పడితే చూపు పోతుంది. నాతో పనిచేసిన ఒకతను మూత పళ్లతో తీశాడు. ఆ తర్వాత జీవితమంతా ఒక కన్నుతోనే లెక్క చూసుకున్నాడు. పక్కన బిందెతో నీళ్లు పెట్టుకో. పడితే పావుగంట ఆగకుండా కడిగి, అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తు.

కిలో రెసిన్‌కు హార్డెనర్ పది నుంచి ఇరవై గ్రాములు. మన హాలియా ఎండలకు పదే చాలు. అంతకన్నా తగ్గించకు, పచ్చిగా ఉండిపోతుంది. పొద్దుగాలే పని చేసుకో. కొంచెం కొంచెమే కలుపు. మిగిలినదాన్ని డబ్బాలో వదిలేస్తే పొగలు కక్కుతుంది, బయట ఇసుకలో పొయ్యి.

రంగు సంగతికి నువ్వు తొందరపడుతున్నావు కానీ నాకు చెప్పడానికి అంత లేదు. అరగదీసే ముందే సాల్వెంట్ గుడ్డతో పాత మైనం తుడిచెయ్యి, లేకుంటే మైనం గీతల్లోకి పోయి రంగు పట్టదు. నీళ్లు చల్లి చూడు: పలుచగా పరుచుకుంటే శుభ్రం, చుక్కలుగా నిలిస్తే మళ్లీ తుడువు. వెంట్రుకంత పగుళ్లను పైన పూయకు, వి ఆకారంలో గీసి నింపు. ఎపాక్సీ ప్రైమర్, దాని మీద రెండు డబ్బాలు కలిపి వేసే పీయూ, అంటే పాలియురేతేన్ రంగు. దాన్ని స్ప్రే చెయ్యకు, ఆ పొగ ఊపిరితిత్తులకు విషం, మామూలు మాస్కు ఆపదు. రోలర్‌తో పూసి, వెంటనే మెత్తటి బ్రష్ కొనతో సరిచెయ్యి. మే నెల దుమారంలో వద్దు. దీపావళి తర్వాత, పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముగించు.

ఏ రంగు అని అడిగావు. నన్ను అడగకు, మీ నాయినను అడుగు. వాడు ఎరుపు అంటే ఎరుపే వెయ్యి.

ఈ ఆదివారం బెజ్జాలు పెట్టు. వచ్చిన పొట్టును దేని దానికి కాగితంలో మడిచి, ఎక్కడిదో రాసి ఉంచు. ఫొటో పంపితే నాకు తడి తెలియదు, వేళ్ల మధ్య నలిపి చూడాలి. మిర్యాలగూడలో పొద్దున్నే బస్సు ఎక్కుతాను. మీ అమ్మను వంట ఎక్కువ చెయ్యొద్దను, పచ్చి పులుసు చాలు.

మీ పెదనాయిన

మరిచాను. డ్రెయిన్ బిరడాకు తాడు కట్టి ఇంజిన్ తాళంచెవికి వేలాడదియ్యి. అది బిగించకుండా నీళ్లలోకి దించినవాళ్లను నలుగురిని చూశాను, అందులో ఒకడిని నేనే.