ధ్వనిశాస్త్రం చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: ఎం.ఏ. తెలుగు రెండో ఏడాది చదువుతున్నాను. భాషాశాస్త్రం పేపర్లో ధ్వనుల పాఠం మొదలైన దగ్గర్నుంచి నాకు ఇంకేదీ బుర్రకెక్కడం లేదు. ఇంట్లో మాత్రం బీఈడీ చేసి డీఎస్సీకి ప్రిపేర్ అవమంటున్నారు. ధ్వనిశాస్త్రాన్ని నమ్ముకుంటే ఉద్యోగం దొరుకుతుందా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: దొరుకుతుందమ్మా. అయితే "ధ్వనిశాస్త్రవేత్తలు కావలెను" అని ఏ పేపర్లోనూ ప్రకటన పడదు. లాంగ్వేజ్ ఎక్స్‌పర్ట్, స్పీచ్ డేటా అనోటేటర్ (రికార్డు చేసిన మాటలకి గుర్తులు పెట్టే మనిషి), రీసెర్చ్ అసిస్టెంట్, యాక్సెంట్ ట్రైనర్, అసిస్టెంట్ ప్రొఫెసర్... ఈ పేర్లతో వస్తాయి. ఏ పేరుతో వెతకాలో తెలియక ఈ చదువుకి ఉద్యోగాలే లేవని చాలామంది తేల్చేస్తారు, నాకు అదే బాధ.

మీకు బాగా దగ్గరగా ఉన్న పని చెబుతాను, కంప్యూటర్‌కి తెలుగు ఉచ్చారణ నేర్పడం. చిన్నయసూరి బాలవ్యాకరణంలో దంత్య చజలు, తాలవ్య చజలు అని మీరు చదివే ఉంటారు. చాప అన్నప్పుడు నాలుక కొన పళ్ల వెనక తగులుతుంది, చేప అన్నప్పుడు నాలుక ఇంకాస్త వెనక్కి అంగిలి వైపు వెళ్తుంది. రాసే అక్షరం మాత్రం ఒకటే. ఇ, ఎ అచ్చుల ముందు తాలవ్యం, మిగతా చోట్ల దంత్యం అని కంప్యూటర్‌కి ఒక సూత్రం చెప్పేస్తే సరిపోతుందిగా అనుకుంటాం. మరి చాక్లెట్? అది చాపలా పలికితే వినేవాళ్లు నవ్వుతారు. జామ దంత్యం, జాతి తాలవ్యం, ఎందుకంటే జాతి సంస్కృతం నుంచి వచ్చింది. అంటే ఏ మాట అచ్చ తెలుగు, ఏది తత్సమం, ఏది ఇంగ్లీషు నుంచి వచ్చిందో తెలిసిన మనిషి కూర్చుని మాట మాటకీ ఉచ్చారణ రాసి పెడితేనే ఫోన్‌లో వార్తలు చదివే తెలుగు గొంతు తెలుగులా వినిపిస్తుంది. వచ్చాడు, తిన్నాడు అనేటప్పుడు చాలామంది నోట పలికే "యా" లాంటి ఆ అచ్చుకి మనకి విడిగా అక్షరమే లేదు, దాన్నీ ఎవరో ఒకరు గుర్తుపెట్టి చూపించాలి. ఈ పని ఇంజనీరు ఒక్కడి వల్ల కాదు, మీలాంటివాళ్లు కావాలి. 2022లో కేంద్రం మొదలుపెట్టిన భాషా సాంకేతిక పథకం భాషిణి, ఐఐటీ మద్రాసులోని పరిశోధన బృందం ఏఐ4భారత్, మైసూరులోని భారతీయ భాషల కేంద్రీయ సంస్థ భాషా డేటా విభాగం, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ... వీళ్లందరి పనికీ మాటల రికార్డింగులు, వాటిని విని జాగ్రత్తగా అక్షరాల్లో పెట్టిన పాఠాలు అవసరమే.

ఇక్కడ ఒక హెచ్చరిక. వీటిలో చాలావరకు ప్రాజెక్టు ఉన్నంత కాలమే ఉండే కాంట్రాక్టు పనులు, కొన్నిచోట్ల క్లిప్పుకి ఇంతని లెక్కగట్టి ఇస్తారు. అనుభవం కోసం ఏడాదో రెండేళ్లో చేయండి, అక్కడే ఆగిపోవద్దు.

స్థిరమైన దారి అంటే నా లెక్కలో ఇదీ: ఎం.ఏ. తెలుగు అయ్యాక భాషాశాస్త్రంలో ఎం.ఏ. కానీ పరిశోధన కానీ చేయండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అనువర్తిత భాషాశాస్త్ర కేంద్రం ఉంది, ఇఫ్లూ ఉంది (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, ఒకప్పటి సీఫెల్, ఇంగ్లీషు ఉచ్చారణ బోధనలో దేశమంతా పేరున్న చోటు), భద్రిరాజు కృష్ణమూర్తి గారు పెంచి పెద్దచేసిన ఉస్మానియా భాషాశాస్త్ర శాఖ ఉంది. కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో లింగ్విస్టిక్స్ విడి సబ్జెక్టు. అందులోనే జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు, 2023 జనవరి నుంచి అమలైన రేటు ఇది. జేఆర్ఎఫ్‌కి వయసు 30 దాటకూడదు కానీ ఆడపిల్లలకి 5 ఏళ్ల సడలింపు ఉంది, కాబట్టి మీకు బోలెడు టైముంది. ఇంట్లోవాళ్లతో గొడవ వద్దు. బీఈడీ చేసినా ఇది చదవొచ్చు, పైగా బడిలో ఒత్తులు పలకని పిల్లల్ని చూసినప్పుడు ఈ చదువు ఎంత పనికొస్తుందో మీకే తెలుస్తుంది.

ఈలోగా రికార్డు చేసిన మాటని బొమ్మగా చూపించే ప్రాట్ అనే సాఫ్ట్‌వేర్ దించుకోండి. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలో బూర్స్మా, వేనింక్ అనే ఇద్దరు తయారుచేసింది, పూర్తిగా ఉచితం, మామూలు కంప్యూటర్లో నడుస్తుంది. "అక", "అగ" అని రికార్డు చేసి బొమ్మ చూడండి. క కోసం నాలుక వెనక భాగం గాలిని ఆపేసిన ఆ క్షణం దాదాపు తెల్లగా ఖాళీగా ఉంటుంది, గ దగ్గర మాత్రం అడుగున నల్లటి చార కనిపిస్తుంది, అది మీ గొంతులోని స్వరతంత్రుల కంపనం. పరుషం, సరళం అని పుస్తకంలో బట్టీపట్టింది కళ్ల ముందు కనబడుతుంది. మీ ఊళ్లో పెద్దవాళ్ల మాటలు వాళ్లనడిగి, ఒప్పుకున్నాక రికార్డు చేసి ఇలా విశ్లేషించి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో మార్కుల జాబితా కంటే అది ఎక్కువ మాట్లాడుతుంది.

ఇంకో మాట, మీది శ్రీకాకుళం అన్నారు కాబట్టి. గిడుగు రామమూర్తి గారు సవర గిరిజనుల ఇళ్ల మధ్య తిరిగి, వాళ్ల భాష నేర్చుకుని, పలికింది పలికినట్టు రాసే పద్ధతిలో సవర మీద 1931లో ఒక మాన్యువల్, 1938లో ఒక నిఘంటువు ఇచ్చారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగానే ఆయన్ని తలుచుకుంటాం, ఆయన చెవి ఎంత నిశితమైనదో చెప్పుకోం. సవర, కువి, గదబ మాట్లాడేవాళ్లు ఇప్పటికీ మన కొండల్లో ఉన్నారు. ఈ భాషల ధ్వనుల మీద చేయాల్సిన పని కుప్పలుగా ఉంది. మీరు బస్సులో వెళ్లి రాగల దూరంలో పరిశోధన క్షేత్రం ఉందంటే అదృష్టమే కదా.

ప్రశ్న: ఇంటర్ బైపీసీ అయింది. నీట్‌లో ర్యాంకు రాలేదు. స్పీచ్ థెరపీ కోర్సు మంచిదేనా? ఇందులో ధ్వనిశాస్త్రం ఉంటుందా?
– నల్గొండ నుంచి ఒక విద్యార్థి

జవాబు: మంచిదే బాబూ, ఈ రంగంలో చదవగానే చేతికి పని దొరికే దారి ఇదేనని నా నమ్మకం. కోర్సు పేరు బీఏఎస్ఎల్‌పీ (వినికిడి, మాట సమస్యల చికిత్స నేర్పే డిగ్రీ), ఇంటర్న్‌షిప్‌తో కలిపి 4 ఏళ్లు. ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి కాబట్టి మీకు అడ్డు లేదు (ఆర్ట్స్ చదివినవాళ్లకి ఇక్కడే తలుపు మూసుకుపోతుంది). మైసూరులోని ఐష్ (అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ) దేశంలో అన్నిటికన్నా పేరున్నది, సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ప్రైవేటు కాలేజీలో చేరేముందు భారత పునరావాస మండలి గుర్తింపు ఉందో లేదో తప్పకుండా చూసుకోండి. అది లేకపోతే రిజిస్ట్రేషన్ రాదు, రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాక్టీసు పెట్టలేరు.

ధ్వనిశాస్త్రం ఉండటమేమిటి, రోజూ చేతిలో ఉండే పనిముట్టు అదే. అయిదేళ్ల పిల్లాడు కాకిని "తాతి" అంటున్నాడనుకోండి. నాలుక వెనక భాగం లేవాల్సిన చోట ముందు కొన లేస్తోందని వినగానే తెలియాలి, అప్పుడే కొనని కిందకి ఆపి వెనక భాగాన్ని లేపడం నేర్పించగలరు. అదే రెండేళ్ల పిల్ల రాముణ్ని "లాముడు" అంటే కంగారు పడక్కర్లేదు, ర చాలామంది పిల్లలకి ఆలస్యంగానే వస్తుంది. ఏది వయసుకి తగ్గ తప్పు, ఏది చికిత్స కావాల్సిన తప్పు అన్నది తేల్చడమే అసలు నైపుణ్యం. పక్షవాతంతో మాట పోయిన పెద్దవాళ్లు, వినికిడి కోసం చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ అనే పరికరం వేయించుకున్న పసివాళ్లు కూడా స్పీచ్ థెరపిస్టుల దగ్గరికే రావాలి. ఆపరేషన్ అయిపోగానే మాట వచ్చేయదు, ఆ తర్వాత నెలల తరబడి థెరపీ ఉంటుంది, అది ఇంట్లో మాట్లాడే భాషలోనే జరగాలి. తెలుగులో చేయగల థెరపిస్టు జిల్లా కేంద్రంలో దొరక్క హైదరాబాద్ దాకా తిరిగే తల్లిదండ్రులు ఉన్నారు. జిల్లాల్లోని ప్రభుత్వ సత్వర చికిత్స కేంద్రాల్లో ఈ పోస్టు ఉంటుంది, చెవి ముక్కు గొంతు ఆసుపత్రుల్లో ఉంటుంది, సొంత క్లినిక్ పెట్టుకోవచ్చు.

ప్రశ్న: బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. ఫోరెన్సిక్‌లో గొంతును బట్టి మనిషిని పట్టుకుంటారట కదా. అటు కానీ, స్పీచ్ టెక్నాలజీ వైపు కానీ మారాలని ఉంది. ఏది మేలు?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఫోరెన్సిక్ ల్యాబుల్లో గొంతుల పరిశీలన ఎక్కువగా ఫిజిక్స్ విభాగంలో ఉంటుంది, సైన్స్ డిగ్రీలు అడుగుతారు, పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో చెప్పలేం. పని మాత్రం పెరిగేదే. గొంతు నమూనా ఇమ్మని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది, 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన కొత్త చట్టంలో ఆ మాట చేరింది. అయితే సినిమాల్లో చూపించినట్టు కంప్యూటర్ ఒక్క క్షణంలో పేరు చెప్పేయదు. ఫోన్ లైన్లో కొన్ని పౌనఃపున్యాలు అసలు రావు, జలుబు చేస్తే గొంతు మారుతుంది, కోపంలో ఒకలా, భయంలో ఒకలా ఉంటుంది. నిపుణుడు రెండు రికార్డింగుల్లోని అచ్చుల ధ్వని బొమ్మలు పక్కపక్కన పెట్టి, చెవితో మళ్లీ మళ్లీ విని, ఎంతవరకు పోలిక ఉందో చెప్పాలి. ఒక మనిషి జైలుకి వెళ్లడం, వెళ్లకపోవడం ఆ అభిప్రాయం మీద ఆధారపడొచ్చు కాబట్టి తొందరపాటు పనికిరాని ఉద్యోగం.

మీ చదువుకి స్పీచ్ టెక్నాలజీయే సరైన దారి అంటాను. పైథాన్ వచ్చు కదా, ఓపెన్‌ఎస్‌ఎల్‌ఆర్ అనే వెబ్‌సైట్లో తెలుగు రికార్డింగులు ఉచితంగా దొరుకుతాయి, మాటని విని అక్షరాల్లో రాసే విస్పర్ లాంటి మోడల్‌కి వాటిని ఇచ్చి ఎక్కడెక్కడ తప్పు వింటోందో రాసుకోండి. న, ణ దగ్గరా? ల, ళ దగ్గరా? దీర్ఘాల దగ్గరా? మాట చివరి అచ్చు మింగేసి మాట్లాడినప్పుడా? తప్పులు లెక్కపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ తప్పు ఏ ధ్వని వల్ల వచ్చిందో చెప్పగలిగేవాళ్లు తక్కువ, మీకు ఉద్యోగం అక్కడే ఉంది. టెస్టింగ్ అనుభవం కూడా వృథా పోదు. సీరియస్‌గా వెళ్లాలనుకుంటే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో పరిశోధనతో కూడిన ఎం.ఎస్. చూడండి, ఉన్న ఉద్యోగం మాత్రం సీటు వచ్చేదాకా వదలకండి.