19,500 డాలర్ల యాక్సిల్: ఫ్రేమ్ మీద గ్రైండర్ పెట్టేముందు ఈ లెక్క చూడు తమ్ముడూ

ఒక తమ్ముడు రాశాడు: "అన్నా నమస్తే, ఫీనిక్స్ పక్కన చాండ్లర్ లో ఉంటాం. నాకు 34, హెచ్1బీ. మా ఆవిడది హెచ్4, వర్క్ పర్మిట్ ఇంకా రాలేదు, పాపకి 3 ఏళ్ళు. నా దగ్గర 2002 టొయోటా టకోమా పికప్ ట్రక్, వీ6 మాన్యువల్ ఉంది, వీకెండ్ ట్రెయిల్స్ కి అదే, ఆఫీస్ కీ అదే. దాని ముందు ఐఎఫ్ఎస్ (ముందు చక్రాలు రెండూ వేటికవి విడిగా ఆడే సస్పెన్షన్) పీకేసి ఫోర్డ్ ట్రక్కుల కింద వచ్చే డానా 60 సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే గట్టి ఇరుసు) పెట్టించాలని రెండేళ్ళ నుంచి కల. షాప్ వాళ్ళు 19,500 డాలర్లు అన్నారు. సేవింగ్స్ 14,000 ఉంది, కార్డ్ మీద 4,800 బాకీ, 24 శాతం వడ్డీ. ఇంటి ఖర్చు 6,200, షాద్‌నగర్ ప్లాట్ ఈఎంఐ అందులోనే, అన్నీ పోను నెలకి 1,150 మిగులుద్ది, మార్చిలో బోనస్ చేతికి 6,000 దాకా వస్తది. పర్సనల్ లోన్ 20,000, 13.9 శాతానికి 5 ఏళ్ళకి ఇస్తామంటున్నారు. లోన్ తీసుకోనా, 401కే (రిటైర్మెంట్ ఖాతా) లోంచి తీయనా?"

తమ్ముడూ, ముందే చెప్తున్నా, నేను వద్దనను. ట్రక్ మీద పెట్టే డబ్బు పెట్టుబడి కాదు సరదా అని నీకూ తెలుసు నాకూ తెలుసు, సరదాకి ఖర్చు పెట్టుకోవడం తప్పేం కాదు. కానీ నువ్వడిగిన రెండు దారులూ వద్దు. ఎందుకో చెప్పేముందు చిన్న సంగతి.

మా మావయ్య బెజవాడ ఆటోనగర్ లో లారీ బాడీ షెడ్ లో పనిచేసేవాడు, సెలవులకి నేనక్కడే తిరిగేవాణ్ణి. లోన్ మీద ఛాసిస్ కొంటారు, బాడీకి అడ్వాన్స్ ఇస్తారు, మధ్యలో డబ్బు అయిపోద్ది. బండి అక్కడే క్యాబిన్ లేకుండా ఎండకి ఎండి వానకి తడుస్తా ఉంటది, ఫైనాన్స్ వాడి వాయిదా మాత్రం నెలనెలా టంచనుగా నడుస్తది. ఓనర్ వచ్చి ఆ ఛాసిస్ చుట్టూ ఒక రౌండ్ తిరిగి టీ తాగి వెళ్ళిపోయేవాడు పాపం. నీ ఉత్తరం చదువుతుంటే నాకు ఆ షెడ్డే గుర్తొచ్చింది.

ఎందుకంటే 19,500 అన్నది నీ ఖర్చు కాదు, ముందు సగం ఖర్చు. ఆ కొటేషన్ తీసి మళ్ళీ చదువు, ముందు యాక్సిల్, లింకులు (యాక్సిల్ ని ఫ్రేమ్ కి పట్టి ఉంచే కడ్డీలు), కాయిలోవర్లు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసినవి), స్టీరింగ్, లేబర్, అంతే కదా? ఇప్పుడు చూడు. మీ టకోమాకి ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ బలాన్ని ముందు వెనక యాక్సిళ్ళకి పంచే పెట్టె) లోంచి ముందుకెళ్ళే షాఫ్ట్ డ్రైవర్ వైపు ఉంటది కాబట్టి, డిఫరెన్షియల్ అదే వైపున్న ఫోర్డ్ యాక్సిల్ వెతుక్కోవడం బాగానే ఉంది. కానీ ఎఫ్-350 కింద నుంచి తెచ్చే డానా 60 కి వీల్ బోల్టులు 8, నీ వెనక యాక్సిల్ కి 6. అంటే ముందొక రకం వీల్స్ వెనకొక రకం, స్టెప్నీ దేనికి పెడతావ్? పైగా ముందు యాక్సిల్ వెడల్పు, వెనకది ఇరుకు. అందుకే చివరికి అందరూ వెనకది కూడా మారుస్తారు. మారిస్తే రెండింటికీ గేర్ రేషియో ఒకటే ఉండాలి, లేకపోతే ఫోర్ వీల్ వెయ్యగానే ట్రాన్స్‌ఫర్ కేస్ నలిగిపోద్ది. డానా 60 పెట్టాక 31 అంగుళాల టైర్లేసుకుని ఎవడూ తిరగడు, 37లు కావాలి, 37లకి 4.88 ఓ 5.38 ఓ గేర్లు కావాలి, ఎలాగూ డిఫరెన్షియల్ విప్పారు కాబట్టి లాకర్ (రెండు చక్రాలూ కలిసే తిరిగేలా బిగించేది) కూడా వేసేద్దాం అంటారు, నువ్వూ సరే అంటావ్ (నేనైనా అంటా). ఆపైన డ్రైవ్ షాఫ్టులు రెండూ కొత్త పొడవు, బ్రేక్ లైన్లు, మాస్టర్ సిలిండర్, ఏబీఎస్ లైట్ సంగతి. అంతా అయ్యాక క్యాస్టర్ యాంగిల్ (ముందు చక్రాలు తిరిగే ఇరుసు వాలు) సరిగ్గా కుదరక హైవే మీద 50 మైళ్ళు దాటగానే స్టీరింగ్ గజగజా ఊగితే మళ్ళీ షాప్ కి.

అందుకని లోన్ లెక్క 20,000 దగ్గర ఆగదు. ఆగిందనుకున్నా కూడా నెలకి 464 డాలర్ల చొప్పున 5 ఏళ్ళు, మొత్తం 27,860 కడతావ్, అందులో వడ్డీనే 7,860. మంచి లాకర్లు రెండూ, టైర్ల సెట్టూ ఆ వడ్డీ డబ్బుల్లోనే వచ్చేస్తయ్.

401కే సంగతి ఇంకా ఘోరం. అప్పుగా తీస్తే నీ పేరున స్థిరపడ్డ బ్యాలెన్స్ లో సగమో 50,000 డాలర్లో ఏది తక్కువైతే అది ఇస్తారు, 5 ఏళ్ళలో కట్టాలి, వడ్డీ నీ అకౌంట్ కే వస్తది కదా అని సంబరపడతారు జనం. ఉద్యోగం మారినా పోయినా ఆ బాకీని ఆ ఏడాది ట్యాక్స్ ఫైలింగ్ గడువులోపు సర్దలేకపోతే అది విత్‌డ్రాయల్ కింద లెక్కేసి ఇన్‌కమ్ ట్యాక్స్ వేస్తారు, 59న్నర ఏళ్ళు నిండలేదు కాబట్టి ఇంకో 10 శాతం పెనాల్టీ. హెచ్1బీ మీద ఉద్యోగం పోతే నీకున్నది మహా అయితే 60 రోజులు. ఆవిడకి జీతం లేదు. ఆ 60 రోజుల్లో ఉద్యోగం వెతుక్కుంటావా, లేక ఐఆర్ఎస్ కి ఎంత కట్టాలో లెక్కలేసుకుంటావా? సేవింగ్స్ 14,000 అంటే మీ ఖర్చుకి రెండు నెలలు దాటి ఓ వారం, అంతే. ఇల్లు ఖాళీ చేసి ముగ్గురికీ హైదరాబాద్ టికెట్లు కొనాల్సొస్తే అదీ చాలదు. కాబట్టి ఆ 14,000 ని ట్రక్ వైపు చూడనివ్వకు.

మరేం చెయ్యాలి? మొదటి 5 నెలలు 1,150 మొత్తం కార్డ్ కే కొట్టు, నెలకి 96 డాలర్లు ఉత్త వడ్డీ కింద పోతోంది అక్కడ. అది తీరాక 700 సేవింగ్స్ కి, 450 ట్రక్ పేరు మీద వేరే అకౌంట్ లోకి. వేరేదే ఉండాలి, ఒకే అకౌంట్ లో ఉంటే రెండూ ఒకటే అనిపిస్తది. ఆపైన 16 నెలలకి సేవింగ్స్ 25,200 అవుద్ది, అంటే 4 నెలల ఖర్చు, ట్రక్ అకౌంట్ లో 7,200. మార్చి బోనస్ లో సగం ట్రక్ కి వెయ్యి, ఈ 21 నెలల్లో రెండు మార్చిలు తగిలితే 13,200 అవుద్ది. కంపెనీ 401కే మ్యాచ్ (నువ్వు వేసినదానికి వాళ్ళు కలిపేది) ఇస్తుంటే మాత్రం అది పూర్తిగా తీసుకో, దాన్ని తగ్గించి ట్రక్ కి మళ్ళించకు.

ఈ ట్రక్ డబ్బుతో ఒక్కో సామానూ కొంటూ పో. ముందు డోనర్ యాక్సిల్ (పాత ఫోర్డ్ ట్రక్ కింద నుంచి తీసే డానా 60), జంక్ యార్డ్ లో బేరమాడి, గ్యారేజ్ లో పెట్టుకుని నువ్వే విప్పి బేరింగులు, సీల్స్, కింగ్‌పిన్ బుష్‌లు మార్చుకో, ఆ పని శనివారాలు చేసుకునేదే. తర్వాత వెనక యాక్సిల్. తర్వాత గేర్లు, గేర్ సెటప్ మాత్రం చేయి తిరిగినవాడితో చేయించు. ఇవన్నీ చేస్తున్నన్నాళ్ళూ నీ టకోమా మామూలుగా ఆఫీస్ కి పోతూనే ఉంటది. ఫ్రేమ్ మీది ఐఎఫ్ఎస్ బ్రాకెట్లు కోసేది అన్నిటికన్నా ఆఖర్న. కోశాక వెనక్కి రాలేవు, సగం కోసిన ట్రక్ ని ఇనుము రేటుకి కూడా బేరం చేస్తారు. అదే సామాను గ్యారేజ్ లో ఉంటే రేపు నీకు గ్రీన్ కార్డ్ తలనొప్పో, ఇంకేదో వచ్చి మనసు మారినా యాక్సిల్ ని దాదాపు కొన్న రేటుకే అమ్ముకోవచ్చు. నేను చెప్పేదంతా ఈ ఒక్క వరసే.

లీఫ్ స్ప్రింగ్స్ గురించి నువ్వు అడగలేదు గానీ చెప్తా. కాయిలోవర్లూ త్రీ లింకూ బాగుంటయ్, కాదన్ను, కానీ మన లారీల కిందుండే కమాన్ పట్టీల్లాంటివే ముందు వేస్తే ఖర్చూ ఫ్యాబ్రికేషనూ బాగా తగ్గుతయ్. 1985 దాకా అమెరికాలో ఫోర్ వీల్ టొయోటా పికప్ లు ముందు సాలిడ్ యాక్సిల్ తో, ఆ పట్టీల మీదే వచ్చినయ్, 1986 లోనే ఐఎఫ్ఎస్ మొదలైంది.

ఇంకో ముక్క, కోప్పడకు. అసలు నీకిది కావాలా అని ఓసారి చూసుకో. జీప్ రాంగ్లర్ కి ముందు సాలిడ్ యాక్సిల్ ఫ్యాక్టరీ నుంచే వస్తది. యూటాలో మోయాబ్ వెళ్ళి రెండ్రోజులు ఒకటి రెంట్ కి తీసుకుని తిప్పు. దిగొచ్చాక కూడా నిద్ర పట్టకపోతే మొదలుపెట్టు. పర్లేదు అనిపిస్తే వెనక లాకర్, 33 టైర్లతో నీ ఐఎఫ్ఎస్ మీ అరిజోనాలో క్రౌన్ కింగ్ వైపు దారులకి చాలు. ఇంకొకళ్ళు కట్టి విసుగొచ్చి అమ్మేసే సాలిడ్ యాక్సిల్ టకోమాలు కూడా చూస్తుండు, కట్టినోడికి పెట్టిన డబ్బు తిరిగి రాదు, ఆ నష్టం కొనేవాడికి లాభం. కాకపోతే వెల్డింగులు తెలిసినవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళు.

ఇన్సూరెన్స్ వాళ్ళకి చెప్పకుండా చెయ్యకు. మామూలు పాలసీ 2002 టకోమా మార్కెట్ రేటే ఇస్తది, నీ యాక్సిల్ కి పైసా రాదు, కస్టమ్ పార్ట్స్ కవరేజ్ ఎంతకిస్తారో ఇప్పుడే అడిగి నెల ఖర్చులో కలుపు. నీ ట్రక్ అంతకుముందు మంచు పడే రాష్ట్రంలో తిరిగిందా అన్నది కూడా కనుక్కో, ఆ తరం టకోమా ఫ్రేములు తుప్పుకి పేరు మోసినవి, టొయోటానే కొన్నిటికి ఫ్రేమ్ మార్చి ఇచ్చింది, కొన్ని బళ్ళు తిరిగి కొనేసింది. సుత్తితో కొట్టి చూడు, డొల్ల శబ్దం వస్తే దాని మీద 20,000 పెట్టే మాటే లేదు.

ఈలోగా, కార్డ్ తీరేదాకా ఆగకుండా, ఆ ముందు లోయర్ బాల్ జాయింట్లు టొయోటావే కొని మార్పించెయ్. ఆ బండికి అవి ఊడితే చక్రం లోపలికి మడత పడుద్ది, పాపని ఎక్కించుకుని తిరిగే ట్రక్ అది.