కోపం వస్తే చేతికందినవి విసిరేస్తున్నాడు.. ఎలా నేర్పాలి?

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్లు. మాటలు బాగా వచ్చాయి, మామూలుగా హుషారుగానే ఉంటాడు. కానీ అడిగింది ఇవ్వకపోయినా, ఆట ఆపమన్నా కింద పడి దొర్లుతూ ఏడుస్తాడు, వస్తువులు విసిరేస్తాడు, నన్ను కొడతాడు. నేనూ అరుస్తున్నాను, ఒకట్రెండు సార్లు కొట్టాను కూడా. చివరికి ఫోన్ ఇస్తేనే ఊరుకుంటున్నాడు. గారాబం వల్లే ఇలా తయారయ్యాడని ఇంట్లో అంటున్నారు. కోపాన్ని అదుపు చేసుకోవడం వాడికి నేర్పేదెలా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు పిల్లల్లో ఇలాంటి పేచీలు చాలా సాధారణం. ఆవేశాన్ని ఆపి ఆలోచింపజేసే పని మెదడు ముందు భాగంలోని ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ది. అది పూర్తిగా పరిణతి చెందడానికి పాతికేళ్లు పడుతుంది. కాబట్టి మూడున్నరేళ్ల పిల్లవాడు ఉక్రోషం ముంచుకొచ్చినప్పుడు తనంతట తాను తమాయించుకోలేడు. పక్కనున్న పెద్దవాళ్లు నెమ్మదిగా ఉంటే, వారిని ఆసరా చేసుకుని నెమ్మదిస్తాడు. ఇలా ఎన్నోసార్లు జరిగాకే ఆ పని సొంతంగా చేసుకోవడం వస్తుంది. దీన్ని గారాబమని తీసిపారేస్తే, మీ మీద నింద మిగలడం తప్ప వాడికి ఒరిగేదేమీ ఉండదు.

ఏడుపు తారస్థాయిలో ఉన్నప్పుడు బుద్ధులు చెప్పకండి, ఎందుకు చేశావని నిలదీయకండి. ఆ సమయంలో ఏ మాటా వాడి బుర్రకెక్కదు. విసిరితే దెబ్బ తగిలే వస్తువులను పక్కకు తీసి, వాడి ఎత్తుకు కూర్చుని, తగ్గు స్వరంతో రెండే మాటలు చెప్పండి: "ఆట ఆపమన్నానని నీకు చాలా కోపం వచ్చింది. కొట్టడం మాత్రం కుదరదు." చెయ్యి ఎత్తితే నొప్పి కలగకుండా పట్టుకుని ఆపండి. కోపం రావడం తప్పు కాదని, కొట్టడం తప్పని వాడికి విడివిడిగా తెలియాలి. కొందరు పిల్లలు దగ్గరకు తీసుకుంటే ఊరట పొందుతారు, మరికొందరు ఇంకా రెచ్చిపోతారు. మీవాడు రెండో రకమైతే తాకకుండా, కనబడేంత దూరంలో ఉండండి. సాధారణంగా కోపం ముందు తగ్గి, దుఃఖం మిగులుతుంది. అరుపులు వెక్కిళ్లుగా మారి, పిల్లవాడు ఒడి వెతుక్కుంటూ వచ్చే ఘడియ అదే. చాలామంది తల్లిదండ్రులు అప్పుడే "ఇప్పుడు గుర్తొచ్చానా" అని దూరం పెడతారు. దయచేసి అలా చేయకండి. ఊరడింపు అంటే ఏమిటో వాడు నేర్చుకునేది ఆ కాసేపట్లోనే.

ఊరడించడమంటే అడిగింది ఇచ్చేయడం కాదు. కాదన్నది ఏడుపు చూసి ఇస్తే, ఇంకాస్త గట్టిగా ఏడిస్తే దొరుకుతుందనే పాఠం వంటబడుతుంది. ఫోన్ విషయమూ అంతే: అది ఏడుపును ఆపుతుంది గానీ కోపాన్ని దాటడం నేర్పదు, పైగా ప్రతిసారీ అదే కావాలనిపిస్తుంది. మీరు ఇవ్వడం మానేసిన మొదటి రోజుల్లో పేచీలు తగ్గకపోగా పెరగవచ్చు. దాంతో పద్ధతి పనిచేయడం లేదనుకుని మధ్యలో వదిలేయకండి, ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండండి.

అసలు నేర్పడం ప్రశాంతంగా ఉన్నప్పుడు జరగాలి. కోపం, బెంగ, భయం, ఉక్రోషం, సిగ్గు వంటి మాటలను బొమ్మలతో ఆడుతూ, కథలు చెబుతూ పరిచయం చేయండి. "బొమ్మకు కోపం వచ్చింది, ఇప్పుడేం చేద్దాం?" అని అడిగి, బుడగ ఊదినట్టు నెమ్మదిగా గాలి వదలడం ఆటగా అలవాటు చేయండి. ఆట ఆపాల్సి వచ్చినప్పుడు "ఇంకో అయిదు నిమిషాలే" అంటే ఈ వయసు వారికి అర్థం కాదు, "ఇంకా రెండుసార్లు జారి ఇంటికి వెళ్దాం" అంటే అర్థమవుతుంది. పేచీలు ఏ వేళలో వస్తున్నాయో కూడా గమనించండి. చాలావరకు వాటి వెనక ఆకలో నిద్రలేమో ఉంటుంది. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి.

కొట్టానని మీరు దాచకుండా రాశారు. కొట్టడం భయపెడుతుంది, కోపం వస్తే కొట్టవచ్చని కూడా నేర్పుతుంది. అయితే మీరు ఓర్పు కోల్పోయిన రోజున, తర్వాత దగ్గర కూర్చోబెట్టుకుని "అమ్మకు కోపం వచ్చి అరిచింది, అలా అరవకూడదు, క్షమించు నాన్నా" అనండి. దానివల్ల మీ మాటకు విలువ తగ్గదు. కోపం ముంచుకొస్తోందనిపిస్తే, వాడికి ప్రమాదం లేదని చూసుకుని, ఇంట్లో మరొకరికి అప్పగించి కాసేపు పక్కకు వెళ్లండి.

పేచీలు తరచూ 25 నిమిషాలకు మించి సాగుతున్నా, రోజుకు చాలాసార్లు వస్తున్నా, తనను తాను గాయపరచుకుంటున్నా, అయిదేళ్లు దాటినా తగ్గకపోయినా పిల్లల వైద్యుడికి చూపించాలి. మాటలు ఆలస్యమైనా, వినికిడిపై అనుమానం ఉన్నా, నిద్రలో గట్టిగా గురక పెడుతున్నా ఆ సంగతీ చెప్పండి. గుక్కపట్టి నీలంగా మారినా, స్పృహ తప్పినా ఆలస్యం చేయకుండా చూపించండి. అలాంటి పిల్లల్లో కొందరికి ఐరన్ లోపం ఉంటుంది, రక్తపరీక్షలో అది తెలుస్తుంది. వెళ్లేముందు, వీలైతే రెండు వారాల పాటు పేచీ ఎప్పుడు మొదలైంది, అంతకుముందు ఏం జరిగింది, ఎంతసేపు సాగింది అన్నవి ఒక పుస్తకంలో రాసి, దాన్ని వెంట తీసుకెళ్లండి.