సౌత్ సైడ్ వార్తలు రాసేవాళ్లకు మనం చందా ఎందుకివ్వాలి?

ప్రశ్న: అమెరికా నగరాల్లో నల్లజాతివాళ్ల పేటల్లో జరిగే అన్యాయాల గురించి రాసే చిన్న వార్తాసంస్థలకు చందా ఇవ్వడం వల్ల ఉపయోగం ఉందా? పెద్ద ఛానెళ్లు ఉన్నాయి కదా?

ఉంది, ఇవ్వండి. ఆ "పెద్ద ఛానెళ్లు ఉన్నాయి కదా" అనే మాటకే నాకు ఒళ్లు మండుతుంది. నేనుండేది చికాగో పక్కన అరోరాలో. నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే చికాగో దక్షిణ భాగమే సౌత్ సైడ్. మా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో సౌత్ సైడ్ అంటే కాల్పుల వీడియో తప్ప ఇంకోటి రాదు. పంపేవాళ్లలో ఆ వైపు కారు దిగిన మనిషి ఒక్కరూ ఉండరు, రాసిస్తాను.

ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన అక్కడే పుట్టి పెరిగాడు. ఓసారి ఎవరో అలాంటి మాటే అంటే ఆయనేమీ అనలేదు. "గురువారం సాయంత్రం ఖాళీయేనా?" అని నన్ను వాళ్ల పేటలో ఓ మీటింగుకి తీసుకెళ్లాడు. చర్చి కింద హాలు, మడత కుర్చీలు, చల్లారిన కాఫీ. టీవీ కెమెరా ఒక్కటీ లేదు. నా పక్కన కూర్చున్నావిడ పసుపు ప్యాడ్ మీద గళ్లు గీసుకుంది: టైము, ఎవరు, ఏమడిగారు, ఏం చెప్పారు. ఒక ముసలావిడ లేచి, తమ వీధిలో పోలీసులు కార్లు ఆపి సోదా చేసిన లెక్కలు ఎప్పుడిస్తారని అడిగింది. "చూసి చెబుతాం" అన్నాడు వచ్చిన అధికారి. పక్కావిడ ఆఖరి గడిలో ఆ ముక్క ఉన్నదున్నట్టు రాసి కింద గీత గీసింది. ఆ పేజీలో అలాంటి గీతలు అప్పటికే చాలా ఉన్నాయి.

ఆవిడ రిపోర్టరేం కాదు. పగలు బడిలో వంట చేస్తుంది. ఇలా మీటింగుల్లో కూర్చుని రాసినందుకు సిటీ బ్యూరో అనే సంస్థ గంటల లెక్కన డబ్బులిస్తుంది. 2015లో చికాగోలో మొదలైన సంస్థ అది. ఇప్పుడు డెట్రాయిట్, క్లీవ్‌లాండ్‌లలో కూడా ఈ పద్ధతి నడుస్తోంది. మన చందా ఉపయోగపడేది ఇలాంటి గంటలకు.

2014 అక్టోబరులో చికాగోలో లక్వాన్ మెక్‌డొనాల్డ్ అనే పదిహేడేళ్ల కుర్రాణ్ణి ఒక పోలీసు కాల్చి చంపాడు. కత్తితో మీదికొచ్చాడని పోలీసులన్నారు. పోస్ట్‌మార్టం రిపోర్టు సంపాదించి, 16 తూటాలు దిగాయని రాసింది ఇన్విజిబుల్ ఇన్‌స్టిట్యూట్ అనే చిన్న సంస్థకు చెందిన జేమీ కాల్వెన్. ఆ కాల్పుల వీడియో కోసం మన సమాచార హక్కు లాంటి చట్టం పట్టుకుని కోర్టుకెక్కింది ఒక ఫ్రీలాన్స్ విలేఖరి. అది బయటికి రావడానికి 13 నెలలు పట్టింది. ఆ పోలీసు 2018లో దోషిగా తేలాడు. నగరంలో కనపడకుండా పోయిన నల్లజాతి ఆడపిల్లల కేసుల మీద సిటీ బ్యూరో, ఇన్విజిబుల్ ఇన్‌స్టిట్యూట్ కలిసి రాసిన కథనాలకు 2024లో పులిట్జర్ వచ్చింది, అమెరికా పత్రికలవాళ్లకు అది పెద్ద బహుమతి. అప్పుడు గానీ మన గ్రూపుల్లో ఒకరిద్దరు వాటి పేరు వినలేదు.

1905 నుంచి వస్తున్న నల్లజాతివాళ్ల పత్రిక చికాగో డిఫెండర్ 2019లో అచ్చు ఆపేసింది. ఆ సంగతి మావాళ్లకు చెబితే, "మనకెందుకండీ ఆ గొడవ" అన్నాడు మా తెలుగు సంఘం పెద్ద ఒకాయన. సియాటిల్‌లో పోలీసు కారు గుద్ది మన ఆదోని అమ్మాయి చనిపోయినప్పుడు, మీడియా ఏం చేస్తోందని గొంతు చించుకున్నది ఈయనే! ఏటా బాంక్వెట్ టికెట్ అంటగట్టడానికి మాత్రం నాకు మూడుసార్లు ఫోన్ చేస్తాడు. ఈసారి ఆ టికెట్ డబ్బులు ఎక్కడికి పంపానో రసీదుతో సహా గ్రూపులో పెట్టాను. ఇంకా ఎవరూ ఏమీ అనలేదు.