కోటలన్నీ కొండల మీదే: దోర్దోన్, లోట్ లోయల్లో సైకిల్ యాత్ర

ప్రశ్న: మేం యాభై దాటిన దంపతులం. వచ్చే ఏడాది ఫ్రాన్స్‌లో దోర్దోన్, లోట్ నదుల లోయల్లో పది రోజులు సైకిళ్ల మీద తిరగాలని ఉంది. లాస్కో గుహ, బేనాక్ కోట, రొకమదూర్, కాఓర్‌లోని పాత వంతెన చూడాలి. రోజుకు 60 కిలోమీటర్లు తొక్కే అలవాటు మాకుంది, కానీ అదంతా చదును రోడ్డు మీద. పైగా మావారికి మోకాళ్ల నొప్పి. ఆ కొండలు మావల్ల అవుతాయా? రోజుకు ఎంత దూరం పెట్టుకోమంటారు? - ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా అవుతాయండీ. కాకపోతే ఆ 60 అన్న అంకెను ఇంట్లోనే వదిలేసి బయల్దేరండి. అక్కడ రోజును కిలోమీటర్లతో లెక్కేసుకుంటే మధ్యాహ్నానికే కాళ్లు మొరాయిస్తాయి. ఎన్ని మీటర్లు పైకి ఎక్కుతున్నామో అది చూసుకోవాలి.

దీనికి కారణం ఆ ప్రాంతపు చరిత్రే. 1337 నుంచి 1453 దాకా సాగిన నూరేళ్ల యుద్ధంలో ఈ లోయ సరిహద్దు లాంటిది. దోర్దోన్ నదికి ఒక ఒడ్డున బేనాక్ కోట ఫ్రెంచి రాజు పక్షం. అవతలి ఒడ్డున కాస్తెల్‌నో కోట చాలాకాలం ఇంగ్లీషు వాళ్ల చేతిలో ఉంది. ఒకదాని బురుజు ఎక్కితే రెండోది కళ్లెదుటే కనిపిస్తుంది. శత్రువు ఎక్కడానికి ఆయాసపడే చోటు వెతికి మరీ కట్టారు వీటిని. ఆ ఆయాసం ఇప్పుడు మన వంతు. బేనాక్ కోట నదికి దాదాపు 150 మీటర్ల ఎత్తున కొండ అంచు మీద ఉంటుంది. దగ్గర్లోని దోమ్ ఊరూ అంతే ఎత్తు. 8 శాతం వాలు మీద 150 మీటర్లు ఎక్కాలంటే రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం. సామాను లేకుండా నెమ్మదిగా తొక్కినా ఇరవై నిమిషాల పని. సామానుతో అయితే అదే రోడ్డు నిజంగా పరీక్ష పెడుతుంది.

అందుకే ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే. రాత్రి బస లోయలో పెట్టుకోండి. రోజుకు ఒకే పెద్ద ఎత్తు ఎక్కండి, అదీ పొద్దున్నే. సంచులు బసలో దింపేసి ఖాళీ సైకిల్‌తో వెళ్లండి. మీ ఇద్దరికీ రోజుకు 35 నుంచి 40 కిలోమీటర్లు, మొత్తం ఎక్కడం 400 నుంచి 500 మీటర్లు, ఇది సరిపోతుంది. మిగిలిన టైమంతా చూడడానికి వాడుకోండి, దాని కోసమే కదా అంత దూరం వెళ్తున్నారు.

కాగితం మ్యాపు ఒకటి కొనండి. మిషెలిన్ మ్యాపుల్లో రోడ్డు గీత మీద చిన్న బాణం గుర్తులుంటాయి. అవి చూపించేది ఎక్కే దిక్కు. ఒక బాణం ఉంటే వాలు 5 నుంచి 9 శాతం, రెండుంటే 9 నుంచి 13, మూడుంటే 13 పైనే. మూడు బాణాలున్న రోడ్డు జోలికి మీవారిని నేనైతే పోనివ్వను. ఫోన్‌లో దారి వేసుకుంటే ఒక్కోసారి దగ్గర అని సరిగ్గా అలాంటి రోడ్డు మీదికే తోలుతుంది. ముందురోజు రాత్రి ఈ మ్యాపు ముందేసుకుని కూర్చుంటే ఆ టెన్షన్ ఉండదు. తెల్లగా చూపించే చిన్న రోడ్లు ఎంచుకోండి, వాటి మీద కార్లు తక్కువ.

ఇక మోకాళ్ల సంగతి. సైకిల్ అద్దెకు తీసుకునేటప్పుడు అన్నిటికన్నా తేలిక గేరు ఏదో అడగండి. ముందు చిన్న పళ్ల చక్రానికి ఎన్ని పళ్లున్నాయో, వెనక పెద్దదానికి కనీసం అన్ని ఉండాలి. ముందు 30, వెనక 34 అయితే ఇంకా మంచిది. బలం పెట్టి నెమ్మదిగా తొక్కితే భారమంతా మోకాలి మీదే పడుతుంది. తేలిక గేరులో త్వరత్వరగా, నిమిషానికి 70 చుట్లు తిరిగేలా తొక్కమనండి. సీటు ఎత్తు కూడా చూడండి: పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండాలి. నొప్పి ఎక్కువైతే మాత్రం మొహమాటపడకుండా ఆయనకు కరెంటు సైకిల్ తీసుకోండి. యూరప్ రూలు ప్రకారం దాని మోటారు 250 వాట్లది, గంటకు 25 కిలోమీటర్లు దాటితే సాయం ఆగిపోతుంది. ఎక్కేటప్పుడు ఆ వేగం రాదు కాబట్టి అవసరమైన చోటల్లా సాయం అందుతుంది. ఆ బ్యాటరీని ప్రయాణికుల విమానంలో ఎక్కనివ్వరు కనుక సైకిల్ అక్కడే అద్దెకు తీసుకోవాలి.

దిగేటప్పుడు బ్రేకులు అదే పనిగా నొక్కి పట్టుకోకండి, వేడెక్కిపోతాయి. మలుపు రాకముందే గట్టిగా నొక్కి వేగం తగ్గించి వదిలేయాలి, మళ్లీ నొక్కాలి. ఒంట్లో వణుకు పుట్టిస్తే ఆగి నిలబడండి. పైనుంచి లోయ కూడా బాగుంటుంది.

నేనైతే మిమ్మల్ని లేజేజీలో మొదలుపెట్టమంటాను. చిన్న ఊరే అయినా రైలు స్టేషను ఉంది. 1868లో రైలు మార్గం పనులు జరుగుతుంటే క్రో-మాన్యోన్ అనే రాతియుగపు మానవుల అస్థిపంజరాలు బయటపడింది ఇక్కడే. అక్కణ్నుంచి వెజేర్ నది వెంట మొంతిన్యాక్ 25 కిలోమీటర్లు ఉంటుంది. పెద్ద ఎత్తుల్లేవు, మొదటి రోజుకు అచ్చంగా సరిపోయే దారి.

మొంతిన్యాక్ దగ్గరే లాస్కో, ఆదిమానవులు గోడల మీద బొమ్మలు వేసిన గుహ. 1940 సెప్టెంబరులో నలుగురు కుర్రాళ్ల కంటపడింది ఆ గుహ. చూడడానికి వచ్చిన జనం ఊపిరికి గోడల మీద పాచి పట్టడం మొదలైతే 1963లో మంత్రి ఆంద్రే మాల్రో దాన్ని మూయించారు. ఇప్పుడు మీరు చూసేది 2016లో తెరిచిన పూర్తి నమూనా. నకలే కదా అని వదిలేయకండి. రాతి గోడ వంపును వాడుకుని ఎద్దు పొట్టను ఎలా ఉబ్బించి చూపారో తీరిగ్గా దగ్గర నుంచి చూడగలిగేది ఇక్కడే. అసలు బొమ్మలే చూడాలనుకుంటే లేజేజీ పక్కన ఫోం-ద-గోమ్ గుహ ఉంది. రోజుకు చాలా కొద్దిమందినే పంపుతారు కాబట్టి టికెట్ ముందే తీసుకోండి.

తర్వాత సర్లా. పాత పట్టణాల కేంద్రాలను కాపాడడానికి 1962లో ఆ మాల్రో తెచ్చిన చట్టం కింద మొదట్లో బాగుచేసిన ఊళ్లలో ఇదొకటి. శనివారం సంత రోజు చేరుకునేలా చూసుకోండి. సర్లా నుంచి పాత రైలు పట్టాలు తీసేసి వేసిన సైకిల్ దారి దోర్దోన్ వైపు దిగుతుంది. కార్లుండవు, వాలు తక్కువ. అక్కడ రెండు రాత్రులుండి బేనాక్, కాస్తెల్‌నో, దోమ్ చూడండి. దోమ్ ఊరి గోడల తూర్పు ద్వారం దగ్గర 1307లో టెంప్లర్లనే క్రైస్తవ సన్యాసి యోధులను ఖైదు చేశారు. వాళ్లు రాతిలో గీసిన శిలువలు ఇంకా ఉన్నాయి.

దోర్దోన్ వదిలి రొకమదూర్ వైపు తిరిగాక నేల మారిపోతుంది. దాన్ని కోస్ అంటారు, సున్నపురాతి పీఠభూమి. వాన నీళ్లు పైన నిలవవు, రాతి పగుళ్లలోంచి కిందికి ఇంకిపోతాయి. ఆ నీళ్లు ఎక్కడికి పోతాయో పదిరాక్ బిలంలో చూడొచ్చు: నేలకు 103 మీటర్ల కింద నది పారుతుంటుంది, పడవలో తిప్పుతారు. పైన మాత్రం ఊళ్లు దూరం దూరం, నీడ తక్కువ. మనిషికి రెండు లీటర్ల నీళ్లు లేకుండా కోస్ మీదికి ఎక్కకండి. ఊరి శ్మశానంలో పూలమొక్కల కోసం కుళాయి ఉంటుంది, సీసా నింపుకోవచ్చు. ‘నోం పొతాబ్ల్’ అన్న బోర్డుంటే తాగకండి.

రొకమదూర్‌కు పీఠభూమి మీద నుంచి, లోస్పితలే అనే చిన్న ఊరి వైపు నుంచి రండి. లోయ అవతల కొండ గోడకు అతుక్కున్న ఇళ్లు, వాటి పైన గుళ్లు, ఆ పైన కోట మొత్తం ఒక్కసారిగా కనిపిస్తాయి. సైకిల్ పైనే ఉంచి నడిచి దిగండి. భక్తులు మోకాళ్ల మీద ఎక్కే 216 మెట్లున్నాయి, మీవారిని వాటి మీద దిగనివ్వండి చాలు. పైకి రావడానికి లిఫ్టు ఉంది.

అక్కణ్నుంచి ఫిజాక్. ఈజిప్టు చిత్రలిపిని 1822లో చదివిన షాంపోలియన్ పుట్టిన ఊరు. ఓ పెరట్లో, ఆ లిపిని చదవడానికి దారి చూపిన రొజెట్టా రాయికి పెద్ద నల్లరాతి నకలు నేలంతా పరిచి ఉంటుంది, అక్షరాల మీదే నడవొచ్చు. ఆ తర్వాత సెలే నది లోయ. మొత్తం యాత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోడ్డు ఇదే: ఒక పక్క నది, ఇంకో పక్క తలమీదికి ఒరిగిన కొండ. నది పారే వైపే వెళ్తారు కాబట్టి కాళ్లకు విశ్రాంతి. కబ్రెరే ఊరి పైన పెష్ మెర్ల్ గుహ ఉంది. ఇది నకలు కాదు. ఇరవై తొమ్మిది వేల ఏళ్ల కిందటివని అంచనా వేస్తున్న రెండు చుక్కల గుర్రాలు, చుట్టూ అరచేతుల ముద్రలు. కుడి గుర్రం తల వచ్చేచోట రాయి కూడా గుర్రం తల ఆకారంలోనే ఉంది. రాయిని చూశాకే ఆ బొమ్మ తట్టి ఉంటుందని నాకనిపిస్తుంది. గుహకు ఎక్కే రోడ్డు నిటారు, చెమట పడుతుంది. లోపల చలి. సంచిలో పొడి చొక్కా, స్వెట్టర్ పెట్టుకుని లోపలికి వెళ్లేముందు మార్చుకోండి.

సెలే, లోట్‌లో కలిసే చోట బుజియే దగ్గర సైకిల్ తాళం వేసి, పడవలను లాగడానికి కొండను తొలిచి వేసిన పాత బాట మీద సాం-సిర్-లపొపీకి నడవండి. అక్కణ్నుంచి కాఓర్ ఒక పూట ప్రయాణం. అక్కడి వాలాంత్రే వంతెన పని 1308లో మొదలైంది. మూడు బురుజులున్న ఆ వంతెన మీద ఇప్పుడు కార్లు పోవు, సైకిల్ చేత్తో పట్టుకుని నెమ్మదిగా దాటొచ్చు.

మే, జూన్ లేదా సెప్టెంబరులో వెళ్లండి. జులై, ఆగస్టుల్లో ఎండ, రద్దీ, కార్లు మూడూ ఎక్కువే.

ప్రశ్న: ఆ ప్రాంతం బాతు మాంసానికి పేరట. శాకాహారికి తిండి దొరుకుతుందా?

జవాబు: దొరుకుతుంది, కానీ అడిగి తినాలి. ‘సాం వియాండ్, సాం పువాసోం’ అంటే మాంసం, చేప వద్దని. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది పొమ్ సర్లదేజ్ దగ్గర. వెల్లుల్లితో వేయించిన ఉత్త బంగాళాదుంపల్లాగే కనిపిస్తాయి, కానీ వేయించేది బాతు కొవ్వులో. సూపుల్లో కూడా మాంసం ఉడికించిన నీళ్లుండొచ్చు. వాల్‌నట్లు, స్ట్రాబెర్రీలు, బేకరీ రొట్టె, గుడ్డు తింటే ఆమ్లెట్, వీటికి లోటుండదు. రొకమదూర్ మేకపాల చీజ్ చిన్న బిళ్లల్లా ఉంటుంది, చాలా రుచి. అయితే పాలు విరిచేందుకు జంతువుల నుంచి తీసిన రెన్నెట్ వాడతారని తెలుసుకుని నిర్ణయించుకోండి. హోటళ్లలో మధ్యాహ్నం రెండయ్యాక వంట ఆపేస్తారు, రాత్రి ఏడుకు ముందు మొదలుపెట్టరు. చిన్న ఊళ్లలో ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా చాలా కొట్లు మూసే ఉంటాయి. శనివారమే రెండు రోజుల సరుకు కొనుక్కోండి.

ప్రశ్న: సొంత సైకిల్‌తో పారిస్ నుంచి అక్కడికి రైల్లో వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు. పారిస్ ఓస్తెర్లిట్జ్ స్టేషను నుంచి తులూజ్ వెళ్లే రైళ్ల దారిలోనే సుయాక్, కాఓర్ ఉన్నాయి. వాటిలో సైకిల్‌కి ముందే రిజర్వేషన్ చేయాలి, దానికి వేరే రుసుము. తెజెవె అనే హైస్పీడ్ రైళ్లలో చక్రాలు విప్పి 130 × 90 సెంటీమీటర్ల సంచిలో పట్టేలా కడితే సామాను కింద తీసుకెళ్లొచ్చు. తెయెర్ అనే ప్రాంతీయ రైళ్లలో సాధారణంగా సైకిల్‌కి డబ్బు తీసుకోరు, జాగా ఉంటేనే ఎక్కాలి. చాలా పెట్టెల్లో సైకిల్‌ని ముందు చక్రంతో కొక్కేనికి వేలాడదీయాలి కాబట్టి ప్లాట్‌ఫారం మీదే సంచులు విప్పి సిద్ధంగా ఉండండి. లైట్లు, బెల్లు తప్పనిసరి. ఊరి బయట చీకట్లో మెరిసే జాకెట్ వేసుకోవాలి, లేకపోతే జరిమానా వేస్తారు.