ధర కొంచెమే పెరిగినా చార్టులో కడ్డీ అంత పొడుగెందుకు?

ఆదోని యార్డులో వేరుశనగ ధర వారంలోనే నాలుగింతలైనట్టు వాట్సాప్‌లో చార్టు వచ్చింది, నిజమేనా అని అడిగారు. ముందు ఎడమ పక్క అంకెలు చూడండి. అసలు అంకెలే లేకపోతే ఆ చార్టును పక్కన పడేయొచ్చు.

క్వింటా 6,000 నుంచి 6,300 అయిందనుకుందాం. పెరిగింది 5 శాతమే. కానీ కొలత సున్నా నుంచి కాకుండా 5,900 దగ్గర మొదలుపెడితే మొదటి కడ్డీకి మిగిలేది 100, రెండోదానికి 400. కళ్లకు నాలుగింతలే మరి! కడ్డీల చార్టులో మనం పోల్చేది పొడవునే, కాబట్టి అది సున్నా నుంచే మొదలవ్వాలి. గీతల చార్టుకు అంత పట్టింపు లేదు. అక్కడ చూసేది ఎగుడుదిగుళ్లు.

బస్తా బొమ్మలతో వేసేవి ఇంకా అన్యాయం. ధర రెట్టింపైతే బస్తాను ఎత్తులోనూ వెడల్పులోనూ రెట్టింపు చేస్తారు, బొమ్మేమో నాలుగింతల చోటు ఆక్రమిస్తుంది.