నెలవారీ లెక్కలు రాయబోతున్న అమ్మాయికి

బుజ్జీ,

బ్యాంకు ఉద్యోగం మానేసి వీడియో గేములమ్మే కంపెనీలో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అదీ చావుకబురు చల్లగా చెప్పినట్టు, ఫోన్ పెట్టేసే ముందు. నాతో ఒక్కమాట అనాలనిపించలేదటే నీకు? ఆ గేముల షాపుల హెడ్డాఫీసులోనే స్టాకు ప్లానింగ్ చేసీ చేసీ తల నెరిసినదాన్ని, పెద్దమ్మనొకదాన్ని ఉన్నానని గుర్తే రాలేదా?

అమెరికాలో నెలనెలా ఏ కన్సోల్ (గేములాడే యంత్రం) ఎంత అమ్ముడైంది, ఏ గేము పైకెళ్లింది, వచ్చే నెల ఎలా ఉండబోతోంది అని రిపోర్టు రాసి కొనుగోళ్ల వాళ్లకివ్వడం నీ పని అట. వినగానే కోపమొచ్చింది. కాసేపటికి గర్వమేసింది. రాత్రి పడుకున్నాక భయం పట్టుకుంది. ఈ ఉత్తరం ఆ భయం రాయిస్తున్నదే, అందుకని కొంచెం ఎక్కువ తిడితే ఏమనుకోకు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. ఆఫర్ లెటర్ చేతికి రాకుండా పాత చోట రాజీనామా ఇవ్వకు. పాత ఇన్సూరెన్స్ ఏ తేదీతో ఆగుతుందో, కొత్తది ఏ తేదీన మొదలవుతుందో రాసి పెట్టుకో. వీసా కాగితాలు లాయరుకి చూపించు, స్నేహితులకి కాదు. జీతమెంతో నాకు చెప్పక్కర్లేదు గానీ మీ అమ్మకి చెప్పు, లేకపోతే నా ప్రాణం తీస్తుంది.

ఇక లెక్కలు. నీ బల్ల మీదికి వచ్చేవి సర్కానా అనే మార్కెట్ లెక్కలు కట్టే కంపెనీ వాళ్ల అంకెలు. 2023లో పేరు మారకముందు అది ఎన్‌పీడీ. మా తరం వాళ్లం ఇప్పటికీ “ఎన్‌పీడీ వచ్చిందా?” అనే అడుగుతాం. అందులో నెల అంటే గోడమీది క్యాలెండర్లో నెల కాదు. ఆదివారం మొదలై శనివారంతో అయిపోయే వారాలని పేర్చి నెల కడతారు. మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్‌లకి అయిదేసి వారాలు, మిగతావాటికి నాలుగేసి. ఇలా పేర్చుకుంటూ పోతే అయిదారేళ్లకోసారి ఒక వారం మిగులుతుంది, దాన్నీ ఎక్కడో ఒకచోట సర్దుతారు. ఆ ఏడాదిని పక్క ఏడాదితో పోల్చేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి.

ఇదంతా చిన్న విషయంలా కనిపిస్తుంది. ఒక కన్సోల్ నాలుగు వారాల నెలలో నాలుగు లక్షలు, తర్వాతి అయిదు వారాల నెలలో నాలుగున్నర లక్షలు అమ్ముడైందనుకో. పెరిగిందని రాసేస్తావు. వారానికెంతో చూస్తే లక్ష నుంచి తొంభై వేలకి పడిపోయింది! పెద్ద పెద్ద సూట్లేసుకున్న వాళ్లు మీటింగుల్లో ఈ పెరుగుదల చూపించి చప్పట్లు కొట్టించుకోవడం నేను కళ్లారా చూశాను. నెలకీ నెలకీ పోల్చాల్సి వస్తే వారం సగటు తీసి పోల్చు, లేదంటే పోయిన ఏడాది అదే నెలతో పోల్చు.

శనివారం రాత్రితో గీత గీసేస్తారు కాబట్టి గేము ఏ రోజు విడుదలైందో కూడా చూడాలి. ఎల్డెన్ రింగ్ 2022 ఫిబ్రవరి 25న వచ్చింది, శుక్రవారం. ఆ ఫిబ్రవరి లెక్క 26తో ముగిసింది. అంటే దానికి దక్కినవి రెండే రోజులు. ఆ రెండు రోజులకే ఆ నెల జాబితాలో మొదటి స్థానం కొట్టేసింది, అది వేరే సంగతి. అన్ని గేములకీ అంత సత్తా ఉండదు కదా, నెలాఖరున వచ్చి పదిహేనో స్థానంలో కనిపించిన ప్రతిదాన్నీ చచ్చిపోయిందని రాయకు.

అంకె తగ్గితే జనం కొనలేదనుకోవడం ఇంకో తొందరపాటు. ప్లేస్టేషన్ 5, కొత్త ఎక్స్‌బాక్స్ 2020 నవంబర్లో వచ్చాయి. ఆ తర్వాత చాలాకాలం చిప్పుల కొరత. షాపులోకి ఎన్ని దిగితే అన్నీ ఆ గంటలోనే అయిపోయేవి. అప్పటి నెలవారీ అంకెలు చెప్పింది ఎన్ని దొరికాయన్నదే, ఎంతమంది అడిగారన్నది కాదు. ఏ నెల తీసుకున్నా సరుకుందా, లేక షెల్ఫు ఖాళీగా ఉండిందా అని నలుగురు స్టోర్ మేనేజర్లని అడిగి అప్పుడు రాయి. వాళ్లు విసుక్కుంటారు, అయినా అడుగు.

దీనికి తిరగేసినది నింటెండో కంపెనీ కన్సోల్ స్విచ్ 2. 2025 జూన్ 5న వచ్చింది, ఆ జూన్‌లోనే అమెరికాలో 16 లక్షలు పోయాయి. అంతకుముందు ఏ కన్సోల్‌కైనా మొదటి నెల రికార్డంటే 2013 నవంబర్లో ప్లేస్టేషన్ 4 సాధించిన 11 లక్షలే. బాగుంది, సంతోషం. మరి తర్వాతి ఏడాది జూన్? ఎంత చక్కగా అమ్ముడైనా దీని పక్కన పెడితే కుప్పకూలినట్టే కనిపిస్తుంది. ఆ సంగతి ముందే రాసి పెట్టకపోతే మీ పైవాళ్లకి గుండె ఆగుతుంది.

లెక్కలోకి రానివేవో కూడా తెలుసుకో. డౌన్‌లోడ్ అమ్మకాలని ఈ నెలవారీ జాబితాల్లో కలపడం మొదలైందే 2016లో. ఇప్పటికీ అందరూ ఇవ్వరు. నింటెండో తన డిజిటల్ అమ్మకాలు పంచుకోదు. కాబట్టి వాళ్ల గేము ఆరో స్థానంలో ఉందంటే, డిస్కులూ కార్డుల లెక్కలో ఆరో స్థానం, పక్కవాడిది డౌన్‌లోడ్‌లతో కలిపి అయిదో స్థానం. రెండింటినీ ఒకే తక్కెడలో తూచకు.

నీ కంపెనీ చందా కడుతుంది కాబట్టి నీకు యూనిట్లు, అంటే ఎన్ని అమ్ముడయ్యాయన్న సంఖ్య కూడా కనిపిస్తాయి. బయటివాళ్లకి కన్సోళ్ల యూనిట్లు మామూలుగా విడుదల చేయడం 2010 అక్టోబర్ నుంచి మానేశారు. వాటిని స్నేహితుల దగ్గర వాగకు. ఉద్యోగం పోతుంది.

ఇప్పుడు నా భయం దగ్గరికొస్తాను.

2007 చివర్లో గిటార్ హీరో అనే పాటలు వాయించే గేము మూడో భాగం వచ్చింది. ప్లాస్టిక్ గిటారుతో కలిపి పెట్టె వంద డాలర్లు. అదే సీజన్‌లో అలాంటిదే రాక్ బ్యాండ్ దిగింది, గిటారు, డ్రమ్ములు, మైకు అన్నీ కలిపి 170 డాలర్లు. అప్పటికి కొత్త గేము డిస్కు ధర 60. అంటే రాక్ బ్యాండ్ పెట్టె ఒకటి పోతే డాలర్ల లెక్కలో ఇంచుమించు మూడు గేములు పోయినట్టు. 2008 పట్టికలో ‘మ్యూజిక్ గేములు’ అన్న వరుస చూస్తే కళ్లు తిరిగేవి. మా కొనుగోళ్ల పెద్దాయన ఆ కాగితం పట్టుకుని గదిగదికీ తిరిగాడు.

ఆయన చెడ్డవాడు కాదు. మా అందరి పిల్లల పుట్టినరోజులూ గుర్తుండేవి ఆయనకి. ఉన్న జబ్బల్లా ఒక్కటే, పోయిన ఏడాది డాలర్లు తీసుకుని, పక్కన పెరుగుదల శాతం వేసి గుణించడం. 2009కీ అలాగే గుణించాడు.

ఆ ఒక్క వరుసని రెండుగా చీల్చి ఉంటే చాలు. వాయిద్యాల పెట్టెలు ఒకటి, విడి డిస్కులు ఒకటి. పెట్టెల అమ్మకాలు మెల్లగా తగ్గుతున్నాయి, డిస్కులవి పెరుగుతున్నాయి. ఇంట్లో గిటారున్నవాళ్లు కొత్త పాటల కోసం డిస్కొక్కటే పట్టుకెళ్తున్నారన్నమాట. నిజమే కదా, రెండో గిటారు ఎక్కడ పెట్టుకుంటారు? అల్మారాలో ఒకటి పడితేనే గొప్ప. కానీ పెట్టె ఖరీదు కాబట్టి, పెట్టెలు తగ్గుతున్నా మొత్తం డాలర్లు ఇంకా బ్రహ్మాండంగానే ఉన్నాయి. ఆ మొత్తం చూసే ఆర్డర్ వెళ్లింది. అదీ పెట్టెలకి.

ఆ 2009లో మార్కెట్లోకి ఎన్ని దిగాయో చూడు. గిటార్ హీరో పేరు మీదే మెటాలికా, స్మాష్ హిట్స్, అయిదో భాగం, వాన్ హేలెన్. దాని తోబుట్టువులు బ్యాండ్ హీరో, డీజే హీరో. సెప్టెంబర్ 9న బీటిల్స్ రాక్ బ్యాండ్, పూర్తి సెట్టు 250 డాలర్లు. బయటేమో మాంద్యం, జనానికి ఉద్యోగాలు పోతున్నాయి. కొనేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?

జనవరిలో వేర్‌హౌస్‌కి వెళ్లాను. డ్రమ్ముల పెట్టె ఒక్కటి పెట్టే చోట డజన్ల కొద్దీ డిస్కులు పడతాయి. అలాంటివి కప్పుదాకా. కింది వరుస అట్టపెట్టెలు పైవాటి బరువుకి నలిగిపోయి, ఒకదాంట్లోంచి గిటారు మెడ బయటికి పొడుచుకొచ్చి ఉంది. షాపుల్లో చూస్తే ఎర్ర స్టిక్కరు మీద ఎర్ర స్టిక్కరు. గోరుతో గీకితే కింద ఇంకో ధర, దాని కింద ఇంకోటి. అవి పట్టేసిన చోటు వల్ల నిజంగా అడుగుతున్న గేములకి షెల్ఫు లేకుండా పోయింది. 2011 ఫిబ్రవరిలో ఆ గేములు తెచ్చే కంపెనీ యాక్టివిజన్ గిటార్ హీరో విభాగాన్నే మూసేసింది, అప్పటికీ మా దగ్గర పెట్టెలున్నాయి.

పెద్దాయనకి ఏమీ కాలేదు, వేరే విభాగానికి మార్చారంతే. సరుకు కదలకపోతే ముందు తగ్గేవి షాపుల్లో పార్ట్‌టైం పిల్లల పనిగంటలు. వారానికి ముప్ఫై గంటలు చేసే కుర్రాడికి పన్నెండు గంటలిచ్చారు. ఆ పట్టిక వాడి కంటపడి ఉండదు. వాడి అద్దె మాత్రం దాని మీదే ఆధారపడి ఉంది.

నీది రాసే పనే, తెప్పించే పని కాదంటావు. నాకు తెలుసు నువ్వేమంటావో! నువ్వు రాసింది చూసే తెప్పిస్తారమ్మా. అందుకే డాలర్ల పక్కన యూనిట్లు లేకుండా ఏ పట్టికనీ నీ చెయ్యి దాటనివ్వకు. గిటార్ల కాలం పోయింది కదా అనుకుంటావేమో. 2025లో ఏమైంది? ప్లేస్టేషన్ 5 ధర ఆగస్టులో 50 డాలర్లు పెంచారు. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 500 ఉన్నది మేలో 600 అయింది, అక్టోబర్లో 650కి పోయింది. పాత కన్సోల్ ఏళ్లు గడిచేకొద్దీ చవకయ్యే రోజులు మావి. ఇప్పుడు పాతబడేకొద్దీ ప్రియమవుతోంది. ధర ఇంత పెరిగితే తక్కువ మంది కొన్నా డాలర్ల గీత నిలకడగానే ఉంటుంది. మార్కెట్ గట్టిగా ఉందని నువ్వు రాసేస్తావు, తీరా చూస్తే కొనేవాళ్లు సన్నబడిపోయి ఉంటారు. కన్సోల్ కొనని ఇంట్లో వచ్చే ఏడాది గేమూ కొనరు, రెండో కంట్రోలరూ కొనరు.

కంపెనీలు “ఇన్ని కోట్లు” అని ప్రకటిస్తే, అవి షాపులకి పంపినవా, మనుషులు ఇంటికి పట్టుకెళ్లినవా అన్నది ముందు తేల్చుకో. నలిగిన ఆ గిటార్లు కూడా ఎవరి పుస్తకంలోనో ‘పంపినవి’ కిందే రాసి ఉంటాయి.

ఇంత తిట్టాను గానీ, నువ్వు ఈ పనికి పుట్టినదానివేనే. చిన్నప్పుడు మా ఇంటికొచ్చినప్పుడు మీ అన్నయ్య కంట్రోలర్ వదిలేవాడు కాదు. నువ్వు ఏడవకుండా పక్కన కూర్చుని వాడి స్కోర్లన్నీ నోట్‌బుక్‌లో గీతలు కొట్టి రాసేదానివి. ఒకరోజు వాడు మధ్యాహ్నం భోజనం చేశాక ఎప్పుడూ ఓడిపోతాడని కనిపెట్టి నాకు రహస్యంగా చెప్పావు. వాడికి చెప్పొద్దన్నావు, నేనూ చెప్పలేదు. ఈ మార్కెట్లో నాకున్న నమ్మకమంతా ఆ నోట్‌బుక్ మీదే.

మొదటి రిపోర్టులోనే వచ్చే ఏడాది మొత్తానికి జోస్యం చెప్పమంటారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంటుంది ఆ సంబరం. ఒక్క అంకె ఇవ్వకు. కింది అంకె, పై అంకె ఇచ్చి, ఏది జరిగితే కిందికి, ఏది జరిగితే పైకి అని రెండు ముక్కల్లో రాయి. తేల్చి చెప్పలేకపోతోంది, పిరికిది అంటారు. అననీ.

చేరిన మొదటి వారంలోనే అడిగి వేర్‌హౌస్‌కి వెళ్లు. ఆఫీసులో కూర్చుని చూసే ‘ఉన్న స్టాకు’ అంకె ఎంత ఎత్తుంటుందో ఒకసారి కింద నిలబడి చూడు. అక్కడి సూపర్‌వైజరు ఫోన్ నంబరు తీసుకో, నీ మేనేజర్ కంటే ముందు అన్నీ వాళ్లకే తెలుస్తాయి. ముందు మూసిన బూట్లు ఒక జత కొనుక్కో, ఆఫీసు చెప్పులతో లోపలికి రానివ్వరు.

ప్రేమతో,
పెద్దమ్మ